రాజుకన్నా ఒకటి తక్కువ

సకల జనుల సమ్మె మొదలైన ఇరవై మూడో రోజు పొద్దున, జంగయ్య చేతిలో ఫైలుతో మెట్లెక్కి పైకొచ్చాడు. పేపరు చదువుకుంటున్న పట్టాభికి ఆ ఫైలు చూడగానే గుండె జారింది. జంగయ్య కాలనీ సంఘానికి కార్యదర్శి, సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆఫీసు నడిచే రోజుల్లోనే ఫైలు ముట్టుకోడని పేరున్న మనిషి. అలాంటివాడు సమ్మెలో ఉండి, జీతం రాదని తెలిసి, సొంత ఖర్చుతో అట్ట కొని, ట్యాగు కట్టి ఫైలు తయారుచేశాడంటే సంగతి చిన్నది కాదు.

"కూర్చోండి జంగయ్యగారూ. కాఫీ తాగుతారా?"

"చాయ్ ఉంటె తాగుత సార్. లేకుంటె వద్దు." జంగయ్య కూర్చుని ఫైలు ఒళ్ళో పెట్టుకున్నాడు. "మాట జర కష్టమైనదే. మీ పిల్లగాడు టీమును ముంచిండు."

"ఏ టీమును?"

"మన కాలనీ టీమును. కంప్యూటర్ల తుపాకులు పట్టుకోని కాల్చుకుంటరు సూడుండ్రి, గా ఆట. ఎల్బీనగర్‌ల ఒక నెట్ సెంటరాయన పోటీలు వెట్టిండు. జట్టుకు అయిదుగురు. మనోళ్ళు సెమీఫైనల్ దాక పోయిన్రు. ఆడ మీ వినయ్ కావాలని తక్కువ ఆడిండు. ఓడగొట్టిండు. నేనంటలేను సార్. లెక్కలు అంటున్నయ్." ఫైలును రెండు వేళ్ళతో తట్టాడు.

పట్టాభి నిర్ఘాంతపోయాడు. సీ లాంగ్వేజీ నేర్చుకుంటానని కొనిపించుకున్న కంప్యూటర్లో కొడుకు తుపాకులు పేలుస్తున్నాడన్నది ఒక దెబ్బ. దానికో జట్టు, ఆ జట్టుకో పరువు, ఆ పరువుకో నష్టం ఉన్నాయన్నది ఇంకో దెబ్బ. అన్నిటికన్నా గట్టిగా తగిలింది మాత్రం వేరే. తన కొడుకు ఏదో ఒకదాంట్లో సెమీఫైనల్ దాకా వెళ్ళాడు, ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

"పదకొండింటికి కరెంటు వస్తది. కింద మీ ఓనర్ అంతయ్య వరండల పంచాయతి వెట్టినం. మీరు గూడ రావాలె," అని చెప్పి, టీ తాగి, జంగయ్య దిగిపోయాడు.

పంచాయతి అనగానే పట్టాభికి ఇల్లు గుర్తొచ్చింది. ఆయనకు ఏమన్నా ముందు గుర్తొచ్చేది ఇల్లే. గుడివాడ నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్సు చెబుతూ, గడ్డిఅన్నారంలో అంతయ్య ఇంటి పై వాటాలో పధ్నాలుగేళ్ళుగా అద్దెకుంటున్నాడు. హైదరాబాదులో పధ్నాలుగేళ్ళు ఒకే అద్దింట్లో ఉన్నానని చెబితే తోటి లెక్చరర్లు ఆయన్ని కొండెక్కి దిగినవాణ్ణి చూసినట్టు చూసేవారు. సెంటరుకు నడిచిపోవచ్చు. నీళ్ళకు ఢోకా లేదు. అంతయ్య నల్లగొండ దిక్కు నుంచి లారీ డ్రైవరుగా వచ్చి, ఇప్పుడు పండ్ల మార్కెట్టుకు తిప్పే రెండు డీసీఎం బండ్లకు యజమాని. సీజన్లో మామిడిపళ్ళు కిందింటి కన్నా ముందు పై ఇంటికొస్తాయి. ఇంతకు మించి స్వర్గం ఉంటుందని పట్టాభి ఎక్కడా చదవలేదు.

ఆ స్వర్గం ఎప్పుడు పోతుందోనన్న బెంగ మాత్రం తెలంగాణ ఉద్యమం మొదలైన దగ్గర్నుంచి పెరిగింది. దాన్ని రోజూ ఫోనులో నీళ్ళు పోసి పెంచేవాడు శ్రీరామమూర్తి. ఆయనా లెక్చరరే, ఆయనదీ కృష్ణా జిల్లానే. "రాష్ట్రం ఇస్తే మన పని అయిపోయినట్టేనండీ, మూటాముల్లే సర్దుకోవడమే," అని రెండేళ్ళుగా చెబుతూ, ఈ రెండేళ్ళలో అల్మాస్‌గూడలో స్థలం కొని రెండంతస్తులు లేపాడు.

పట్టాభి ఆయనకు ఫోను చేసి సంగతి చెప్పాడు.

"మొదలైందన్నమాట," అన్నాడు శ్రీరామమూర్తి. "మీవాడు ఒక్కడే మనవాడా ఆ టీములో?"

"అవునండీ. మిగతా నలుగురూ ఇక్కడివాళ్ళే."

"గెలిచింది ఎవరు?"

"వనస్థలిపురం వాళ్ళట."

"అయిపోయింది. అక్కడున్నదంతా మనవాళ్ళే. మీవాడు లోపాయికారీగా మనవాళ్ళని గెలిపించాడంటారు. మీరేం మాట్లాడకండి. ఒప్పుకోకండి, కాదనకండి." పెట్టేశాడు. ఒప్పుకోకుండా కాదనకుండా ఏం మాట్లాడాలో చెప్పలేదు.

పట్టాభి ఆలోచించాడు. దారులు రెండే. మావాడు మంచి ఆటగాడే అంటే, మరి కావాలనే ఓడగొట్టాడని తేలుతుంది, అంటే ద్రోహి. మావాడికి ఆట అంతగా రాదు అంటే చిక్కు వదిలిపోతుంది. కానీ ఆ మాట ఆయన నోటికి అలవాటు లేదు. ఇరవై రెండేళ్ళుగా తల్లిదండ్రుల మీటింగుల్లో కొన్ని వేలమందితో ఆయన అన్న మాట ఒక్కటే: "మీవాడికి తెలివి ఉందండీ, పెట్టడం లేదు." సున్నా వచ్చినవాడి నాన్నతోనూ అదే. ఆ మాట మీదే సెంటరు నడుస్తోంది, ఆ మాట మీదే దిల్‌సుఖ్‌నగర్ సగం నిలబడి ఉంది. పరాయి పిల్లల గురించే ఎన్నడూ అనని మాట సొంత కొడుకు గురించి ఎలా అంటాడు? లెక్చరరు కొడుకాయె.

లోపల వినయ్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. బీటెక్ రెండో ఏడు. సమ్మెతో కాలేజీ బస్సులు లేవు.

"ఏరా, ఏమిటీ గొడవ?" అన్నాడు పట్టాభి.

"ఏం లేదు నాన్నా."

"ఏం లేకపోతే ఫైలు ఎందుకు తెస్తార్రా?"

వినయ్ దుప్పటి తలమీదకు లాక్కున్నాడు. పట్టాభి భార్య విజయదుర్గ వంటింట్లోంచి వచ్చి, "వాణ్ణి కంగారు పెట్టకండి, టిఫిను కూడా తినలేదు," అంది. ఆవిడ లెక్కలో టిఫిను తినని మనిషి మీద ఏ కేసూ నిలవదు.

పదకొండింటికి కింద వరండాలో వినాయక మండపానికి కొన్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అంతయ్య, ఆయన భార్య తిరుపతమ్మ, కొడుకు రాజు. రాజే జట్టుకు కెప్టెను. మిగతా ముగ్గురు పిల్లలూ నిలిపి ఉన్న డీసీఎం తొట్టి మీద కూర్చున్నారు. జంగయ్య మధ్యలో.

"రాండ్రి సార్, కూసోండ్రి," అన్నాడు అంతయ్య. "దుర్గక్కా, నువ్వు గిట్ల రా, ఫ్యాను కింద," అంది తిరుపతమ్మ. ఈ మర్యాదకు పట్టాభి ఇంకా బెదిరిపోయాడు.

జంగయ్య ఫైలు విప్పాడు. నెట్ సెంటరాయన దగ్గర్నుంచి తెచ్చిన కాగితాలు. ఆట అయిపోగానే ఎవరు ఎంతమందిని కాల్చారో తెర మీద పడుతుందట, దాన్ని అచ్చు తీయించాడు.

"మొత్తం పన్నెండు మ్యాచులు," అన్నాడు. "దాంట్ల ఏడు మ్యాచులు సూడుండ్రి. రాజుకు పద్నాలుగు, వినయ్‌కు పదమూడు. రాజుకు తొమ్మిది, వినయ్‌కు ఎనిమిది. పదిహేడు, పదహారు. ఏడింటికి ఏడూ గట్లనే, ఒకటి తక్కువ. గిది ఆట గాదు సార్, గిది ఎవరో కూసోని రాసిన టైంటేబుల్."

"మరి తక్కిన అయిదు?" అడిగాడు పట్టాభి.

"గా అయిదింట్ల శానా తక్కువ. రాజుకు పదిహేను, ఈయనకు ఆరు. గవి ఇంక పెద్ద కుట్ర."

"కీబోర్డు ఏమన్నా పాడైందేమోనండీ," అన్నాడు పట్టాభి. ఒప్పుకోకుండా కాదనకుండా ఉండే మాట ఆయనకు అదొక్కటే దొరికింది.

డీసీఎం మీంచి ఒక పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. రాజు నవ్వలేదు. "అంకుల్, కీబోర్డు గాదు. నేను సూసిన. ఆఖరి రౌండ్‌ల మేం నలుగురం సచ్చినం. సచ్చినోళ్ళం వీడేం జేస్తుండో వెనక నుంచి సూస్తుంటిమి."

"థూ, పొద్దుగాల గవేం మాటల్రా," అంది తిరుపతమ్మ.

"ఆటల సచ్చుడే అమ్మా! అటు దిక్కు గూడ ఒక్కడే మిగిలిండు. గోడకు మొఖం వెట్టి బాంబు వెడుతుండు. వినయ్ వాని వెనక నిలవడ్డడు. గింత దూరం. ఒక్కటి కొడితె మ్యాచ్ అయిపాయె, ఫైనలుకు పోతుంటిమి. కొట్టలే. నిలవడి సూసిండు. గాడు బాంబు వెట్టుడు అయిపోయినంక, నిమ్మళంగ వెనకకు మల్లి, వీన్నే కొట్టిండు."

పట్టాభి కొడుకువైపు చూశాడు. వినయ్ స్తంభానికి ఆనుకుని చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"ఎందుకు కొట్టలేదురా?"

"రాజుకి పదకొండు ఉన్నాయి. నాకు పది."

"అయితే?"

"కొడితే సమానమైపోతుంది కదా నాన్నా."

"అయితే ఏమవుతుంది?"

వినయ్ తలెత్తాడు. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. "మీరే కదా చెప్పారు?"

పట్టాభికి ఏమీ అర్థం కాలేదు. వినయ్ చెప్పడం మొదలుపెట్టేసరికి ఒక్కొక్క మాటా ఆయనకు తన గొంతులోనే వినబడింది.

ఈ ఇంటికి వచ్చిన కొత్త. అంతకుముందు మలక్‌పేటలో ఉన్నప్పుడు, అయిదేళ్ళ వినయ్ ఇంటివాళ్ళ అబ్బాయిని గోళీల్లో ఓడించాడు. ఆ పిల్లవాడు ఏడ్చుకుంటూ పోయాడు. తర్వాతి నెల ఇంటాయన మా బావమరిది వస్తున్నాడు, ఖాళీ చెయ్యమన్నాడు. బావమరిది నిజంగానే వచ్చాడు. కానీ పట్టాభి ఫిజిక్సు మనిషి. చర్య ఉంటే ప్రతిచర్య ఉండాలి, కాబట్టి ఇల్లు గోళీల వల్లే పోయిందని తేల్చుకున్నాడు. అంతయ్య ఇంట్లో సామాను దింపిన రోజే కొడుకును మేడ మీదకు తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

"ఇంటివాళ్ళ అబ్బాయి మీద దేంట్లోనూ గెలవకూడదు అన్నారు," అన్నాడు వినయ్. "మరీ ఎక్కువగా ఓడిపోతే వాళ్ళకి అనుమానం వస్తుంది, ఒక్కటి తక్కువ ఉంటే చాలు అన్నారు. ఎప్పటిదాకా అని అడిగితే, ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అన్నారు."

పట్టాభి ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాడు. సంసారంలో చెప్పే వంద మాటల్లో అదొకటి. వంటింట్లో లైటు ఆర్పెయ్యి, ఎండలో తిరక్కు, ఇంటాయన కొడుకు మీద గెలవకు. లైటు ఆర్పమని పధ్నాలుగేళ్ళుగా రోజూ చెబుతున్నా వాడు ఒక్కనాడూ ఆర్పలేదు. ఒక్కసారి చెప్పిన ఈ మాటను మాత్రం వ్రతంలా పట్టుకున్నాడు.

"అరే సార్," అన్నాడు అంతయ్య. ఆ గొంతులో కోపం కన్నా దెబ్బ ఎక్కువ ఉంది. "పోరగాండ్ల ఆటకు ఇల్లు ఖాళీ చేపిస్తనా నేను? పద్నాలుగేండ్ల సంది మీరు నన్ను గట్లనే అనుకుంటున్నరా?"

"అబ్బే, మీ గురించి కాదండీ, అది మలక్‌పేటాయన గురించి..."

"మలక్‌పేటోని మీది కోపానికి నా ఇంట్ల నాటకం ఆడిపిచ్చిన్రా?"

జంగయ్య చెయ్యెత్తాడు. "జర ఆగుండ్రి. అసలు విషయానికి రాండ్రి. ఇది ద్రోహమా, కాదా?"

"ద్రోహం ఎందుకవుతుందండీ?" అంది విజయదుర్గ. "వాడేం దొంగతనం చేశాడా? తన ఆట తను తగ్గించుకున్నాడు."

"అమ్మా, మేం గూడ పని బందు వెట్టినం. కానీ నోటీసు ఇచ్చినం, బ్యానరు కట్టినం, టెంటు ఏసుకోని రోడ్డు మీద కూసున్నం. పని చేస్తలేమని అందరికి ఎరుక. మీవోడు నోటీసు ఇయ్యకుంటనే బందు వెట్టిండు. కుర్చీల కూసున్నడు, చేతుల తుపాకి ఉన్నది, చేస్తున్నట్టే కనవడ్డడు. చెప్పి బందు వెడితె సమ్మె. చెప్పకుంట వెడితె ద్రోహం."

ఇంత చక్కని వాదన జంగయ్య నోట వస్తుందని ఎవరూ అనుకోలేదు. జంగయ్య కూడా అనుకోలేదు. ఆయనే కాసేపు దాన్ని మనసులో చదువుకున్నట్టు ఆగాడు.

"మరి ఆఫీసు ఉన్నప్పుడు మీరు..." అని విజయదుర్గ ఏదో అనబోతే పట్టాభి ఆవిడ కాలు తొక్కాడు.

రాజు ఈ మాటలేవీ వినడం లేదు. వినయ్‌నే చూస్తున్నాడు.

"కేరంబోర్డు గూడనా?" అన్నాడు.

"ఆఁ."

"షటిల్?"

"ఆఁ."

"నైన్త్‌ల రన్నింగ్ రేసు? కప్పు వచ్చింది నాకు. మా అమ్మ టీవీ మీద వెట్టింది."

వినయ్ తల దించుకున్నాడు. తిరుపతమ్మ లోపలి టీవీ వైపు ఒకసారి తిరిగి చూసి, చూడనట్టు కొంగు సర్దుకుంది.

"నేను అడిగిన్నారా నిన్ను?" రాజు కుర్చీలోంచి లేచాడు. "నా కోసం ఓడిపొమ్మని ఎప్పుడన్న అడిగిన్నా? ఇప్పుడు నేను గెలిచినయి ఏవి నావో, ఏవి నువ్వు ఇచ్చినవో నాకెట్ల ఎరుకైతది? ఇంటర్ మార్కులు గూడనా?"

వినయ్ మళ్ళీ చెప్పులకేసి చూశాడు. అవుననలేదు, కాదనలేదు.

సరిగ్గా అక్కడ పట్టాభికి ఒక ఆలోచన వచ్చింది. ఇంటర్లో రాజుకు ఎనిమిది వందల పది. వినయ్‌కు ఎనిమిది వందల తొమ్మిది. ఆ మెమో వచ్చిన రోజు ఆయన భోజనం చెయ్యలేదు. ఇన్నాళ్ళుగా కొడుకు మామూలు పిల్లవాడని కడుపులో పెట్టుకుని కుమిలిపోతున్నాడు. అంటే ఇదంతా... అంటే వీడు...

విజయదుర్గ ఆయన చెవి దగ్గరకు వంగింది. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. "ఏవండీ, అందుకేనండీ ఎంసెట్లో ముప్పై రెండు వేలొచ్చింది. పిచ్చి సన్నాసి, మన ఇంటి కోసం తగ్గించి రాశాడు!"

ముప్పై రెండు వేల ర్యాంకును ఇంత గర్వంగా పలికిన తల్లి ఆ చుట్టుపక్కల ఇంకొకరు ఉండరు. పట్టాభి కూడా కుర్చీలో వెన్ను నిటారు చేశాడు. ద్రోహం సంగతి, ఇంటి సంగతి రెండూ ఆయన తలలోంచి కాసేపు జారిపోయాయి.

"ఒక్కటే మార్గం," అన్నాడు జంగయ్య. "రాజు, వినయ్, ఇద్దరే ఆడాలె. ఇప్పుడే, అందరి ముందల. వినయ్ తన బలమంతా వెట్టి ఆడాలె. ఎంత దాచిండో తేలిపోతది. పెద్దమనుషులు ఏమంటరు?"

"ఆడమను," అన్నాడు అంతయ్య. "నేను గూడ సూస్త."

పై ఇంటి కంప్యూటరు కిందికి దింపారు. అంతయ్య హాల్లో దాన్నీ రాజు కంప్యూటరునూ ఎదురెదురుగా పెట్టి, మధ్యలో వైరు కలిపారు. ముందుగా పదహారు రౌండ్లు ఎవరు గెలిస్తే వాళ్ళది. వినయ్ కుర్చీలో కూర్చుని, మౌసు మీద చెయ్యి వేసి, ఆగాడు. తండ్రివైపు తిరిగాడు.

"నాన్నా, ఆడనా?"

అంత మందిలో పంతొమ్మిదేళ్ళ కొడుకు ఆ మాట అడగడం పట్టాభికి చెంపదెబ్బలా తగిలింది. ఆయనకు ఇల్లు మళ్ళీ గుర్తొచ్చింది. వీడు చిత్తుగా ఓడిస్తే రాజు ముఖం చూడలేం, అంతయ్య ముఖం చూడలేం, అలాంటప్పుడు ఈ ఇంట్లో ఎలా ఉంటాం? శ్రీరామమూర్తి పై అంతస్తు ఖాళీగానే ఉంది. అయితే ఏం, పోనీ! ఇరవై రెండేళ్ళుగా ఊరందరి పిల్లల్లో దాగిన తెలివి గురించి చెబుతున్నాడు. ఒక్కసారి, సొంత ఇంట్లో దాగింది బయటికి వస్తుంటే కళ్ళారా చూడాలి.

"ఆడరా," అన్నాడు. "మొత్తం ఆడు."

ఆట మొదలైంది. తెర మీద పసుపు గోడలు, చెక్కపెట్టెలు, ఒక తుపాకీ. ఎవరు ఎవర్ని కాలుస్తున్నారో పట్టాభికి తెలియదు, కానీ అంకెలు తెలుసు. మొదటి రౌండు వినయ్. రెండోది వినయ్. మూడోది రాజు, నాలుగోది మళ్ళీ వినయ్. విజయదుర్గ భర్త మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతయ్య ముఖం బిగుసుకుంది. "సూస్తున్నరా, ఎంత దాచిండో," అన్నాడు జంగయ్య.

అయిదోది రాజు గెలిచాడు. ఆరోది రాజు. ఏడోది రాజు.

ఎనిమిదో రౌండుకు పట్టాభి తెరను చూడడం మానేసి కొడుకును చూడడం మొదలుపెట్టాడు. వినయ్ చెవులు ఎర్రబడ్డాయి. కింది పెదవి పళ్ళ మధ్య ఉంది. ఎడమకాలు కుట్టుమిషను తొక్కినట్టు ఆడుతోంది. కన్ను రెప్ప వెయ్యడం లేదు. ఇలాంటి ముఖాలు పట్టాభికి కొత్త కాదు. పరీక్ష హాల్లో రాసే పిల్లల మధ్య తిరిగినన్నాళ్ళూ చూశాడు. వచ్చి కూడా రాయనివాడు కిటికీలోంచి చూస్తాడు, పెన్ను తిప్పుతాడు, ఆవలిస్తాడు. ప్రాణం పెట్టి రాసి కూడా రానివాడు ఇలా ఉంటాడు.

వాడు దాచడం లేదు. ఉన్నదంతా పెట్టేశాడు. ఉన్నది ఇదే.

పదకొండు అయిదు. పదమూడు అయిదు. రాజు చివరి మూడు రౌండ్లూ నిమిషంలో ముగించేశాడు. పదహారు అయిదు.

వినయ్ మౌసు వదిలేశాడు. అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. అక్కడున్నవాళ్ళందరిలోకీ ఎక్కువ దిగ్భ్రాంతి చెందినవాడు వాడే. పధ్నాలుగేళ్ళుగా తాను తలుచుకుంటే గెలుస్తానన్న ధీమాతో ఓడిపోయినవాడు, తలుచుకుని కూడా ఓడిపోయాడు.

డీసీఎం పిల్లలు అరవబోయి ఆగారు. ఎందుకంటే రాజు లేచి నిలబడ్డాడు.

"మల్ల అదే ఆట," అన్నాడు. "మల్ల నాకే ఇస్తున్నడు."

"నాకు గూడ గట్లనే అనిపిస్తున్నది," అన్నాడు జంగయ్య. "మొదట మూడు గెలిచి సూపిచ్చి, తర్వాత ఇడిసిపెట్టిండు. అనుమానం రాకుండ. మస్తు తెలివి."

"లేదురా, నిజంగా ఆడాను," అన్నాడు వినయ్.

"నిజంగ అని ఇంతకుముందు గూడ అన్నవ్."

విజయదుర్గ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "బంగారు తండ్రి. ఇల్లు పోతుందని ఇప్పుడు కూడా తగ్గాడు."

"అమ్మా, తగ్గలేదే!" అన్నాడు వినయ్. ఎవరూ నమ్మలేదు. కన్నతల్లి అసలు నమ్మలేదు.

అంతయ్య కుర్చీలోంచి లేచి పట్టాభి ముందుకు వచ్చి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "సార్, బయట ఎవలెవలు ఏమేమో అంటున్నరు. ఆంధ్రోళ్ళు గిట్ల, తెలంగాణోళ్ళు గట్ల అని. నా ఇంట్ల గా మాట నేను ఎన్నడు రానీయలే. నిన్నటి దాంక మీరు భయపడ్డరు, సరే, తప్పు మలక్‌పేటోనిది అనుకుంట. కానీ ఇయ్యాల ఇంతమందిల అడిగినంక గూడ మీ పిల్లగాడు యాక్టింగే చేస్తే, ఇగ మీరు నన్ను ఎప్పటికి నమ్మరనే లెక్క. నమ్మనోళ్ళతోని ఒక్క ఇంట్ల ఉండుడు నాతోని గాదు. పైసలకు గాదు సార్, కోపానికి గాదు. మనసు ఒప్పది. ఒక్క మాట చెప్పుండ్రి. వాడు దాస్తుండా, లేదా?"

హాలంతా పట్టాభిని చూసింది. దాస్తున్నాడంటే ఇల్లు పోతుంది, కొడుకు తెలివి నిలబడుతుంది. కాలనీలో జనం పదేళ్ళ తర్వాత కూడా చెప్పుకుంటారు, ఆ లెక్చరరుగారి అబ్బాయి తలుచుకుంటే ఎంతవాడోనని. విజయదుర్గ ఆ ర్యాంకును ఇంకో పెళ్ళిళ్ళ సీజనంతా చెప్పుకోవచ్చు. దాచడం లేదంటే ఇల్లు ఉంటుంది. ఇల్లు తప్ప ఇంకేమీ ఉండదు.

పట్టాభి నోరు తెరిచాడు. "మావాడికి..." అన్నాడు. అలవాటు కొద్దీ ఆ తర్వాతి మాట నాలుక చివరిదాకా దానంతటదే వచ్చేసింది. దాన్ని మింగాడు. పొలమారి దగ్గాడు. తిరుపతమ్మ గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, కొడుకు ముఖంలోకి కాకుండా కంప్యూటరు వైరు వైపు చూస్తూ అన్నాడు.

"మావాడికి అంతే వచ్చండీ."

జంగయ్య ఫైలులోంచి తలెత్తాడు.

"ఆటైనా, ఇంటరైనా, ఎంసెట్టైనా. దాచిందేమీ లేదు. ఆటల్లో ఒకటి తక్కువ అయినచోట దాచాడేమో. చాలా తక్కువైన చోట్ల... అదే వాడు. నేను చూశాను, వాడు ప్రాణం పెట్టి ఆడాడు. మీవాడు నిజంగానే గెలిచాడు అంతయ్యగారూ."

విజయదుర్గ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పెళ్ళయిన ఇరవై ఒక్కేళ్ళలో భర్త నోట ఇంత ఘోరమైన మాట ఆవిడ వినలేదు. జంగయ్య ఫైలు మూసేశాడు. ఆ ఫైలులో దీనికి గడి లేదు. కన్న తండ్రి, అందులోనూ కోచింగ్ లెక్చరరు, నలుగురిలో కొడుకు గురించి అలా అనడం ఆ కాలనీ చరిత్రలో జరగలేదు.

అంతయ్య ముఖంలో బిగువంతా పోయి కంగారు వచ్చింది. "అయ్యో సార్, గంత మాట ఎందుకంటరు? పిల్లగాడు వింటుండు."

"వినాలనే అన్నానండీ."

"ఇంటి సంగతి మరిచిపోండ్రి సార్. నేనేదో బాధకొద్ది అన్న. మా రాజుగాడు మాత్రం ఏమన్న పెద్ద పోటుగాడా? ఇదే ఆట, ఆ వనస్థలిపురపోళ్ళు కొట్టలేదా? నువ్వు జర దుర్గక్కను కూసోబెట్టవే, ఎట్లనో అయింది ఆమె," అని భార్యతో అన్నాడు.

"మరి ద్రోహం సంగతి?" అన్నాడు జంగయ్య. ఇరవై మూడు రోజుల్లో దొరికిన ఒక్క పనీ చేజారిపోతుంటే చూడలేకపోయాడు.

"ఆ ఒక్క దెబ్బ కొట్టకపోవుడు తప్పే," అన్నాడు అంతయ్య. "దానికి వాడు పోరగాండ్లకు మిరపకాయ బజ్జీలు తినిపియ్యాలె. అయిపాయె. లేవుండ్రి, కరెంటు పోతే మల్ల మంచినీళ్ళు వట్టుకునుడు గాదు."

పంచాయతి లేచింది. పట్టాభి కొడుకు దగ్గరకు వెళ్ళాడు. ఏదో ఒకటి అనాలి. ఏం అనాలో ఆయన చదువుకున్న ఏ పుస్తకంలోనూ లేదు. "ఒరేయ్," అన్నాడు.

"పర్లేదు నాన్నా," అన్నాడు వినయ్. ముఖం పాలిపోయి ఉంది, కానీ కాలు ఆడించడం మానేశాడు. కుర్చీని వెనక్కి తిప్పి రాజును చూశాడు. "ఇంకోటి ఆడదామా?"

రాజు అనుమానంగా చూశాడు. "ఇస్తవా మల్ల?"

"ఇవ్వడానికి నా దగ్గరేముందిరా? విన్నావుగా."

రాజు కాసేపు నిలబడి, తర్వాత వచ్చి కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోను తగిలించుకున్నాడు.

పట్టాభి భార్యను నడిపించుకుంటూ మెట్లెక్కాడు. ఆవిడ ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, "ముప్పై రెండు వేలు, నిజంగానేనా అండీ?" అని అడుగుతోంది. ఆయన అవునంటున్నాడు. సగం మెట్లు ఎక్కేసరికి కింది హాల్లోంచి పెద్ద కేక వినబడింది. ఎవరో బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టారు. "ఛీ! దొంగచాటుగా వెనకనుంచి కొడతావా? ఆగు, ఈ రౌండు నిన్ను వదిలేది లేదు!"

పట్టాభి ఉలిక్కిపడి రైలింగు పట్టుకున్నాడు. ఎవరిదో ఆ గొంతు ఒక్క క్షణం ఆయనకు తెలియలేదు. ఓడిపోయినందుకు తన కొడుకు అరవడం ఆయన ఇంతవరకూ వినలేదు.